నాగబంధం పది రౌండ్లా, అబ్బయా?

అబ్బయా,

అక్క ఫోన్ చేసి, "వీడు సెలవుల్లో మేడ మీద ఏదో మాయల ఆట పెడతాడంట, నువ్వు చెడగొట్టిన పిల్లాడే" అని తిట్టింది. తిట్లు తింటూనే మురిసిపోయాను. నెల్లూరులో ఐదుగురిని కూర్చోబెట్టి డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డైస్ వేస్తూ, తలా ఒక పాత్రగా కథ నడిపే ఆట) నడిపేవాడు మన ఇంట్లోంచే వస్తున్నాడు మరి. తర్వాత నువ్వు వాట్సాప్‌లో పంపిన సొంత స్పెల్స్, అంటే ఆటలో వేసే మంత్రాల లిస్టు చూశాను: నిప్పులవాన, వజ్రకవచం, నాగబంధం... అప్పట్నుంచీ టెన్షనే.

డైస్ ఒక సెట్టు ఎక్కువ ఉంచుకో. ఫ్యాను గాలికి క్యారెక్టర్ షీట్లు (పాత్రల వివరాలు రాసుకునే కాగితాలు) ఎగరకుండా పరీక్ష ప్యాడ్లు ఇవ్వు.

నిప్పులవాన దెబ్బకు ఎనిమిది డైస్ పెట్టావు, బాగుంది. ఆట రూల్‌బుక్కు ఐదో ఎడిషన్‌లో ఫైర్‌బాల్ అనే నిప్పు స్పెల్‌కూ ఆరు ముఖాల డైస్ ఎనిమిదే, సగటున 28 వస్తుంది. పడింది, కాలింది, అయిపోయింది. అంత దెబ్బ ఒక్క క్షణంలో తీరిపోతుంది కాబట్టే చెల్లుతుంది. ప్రతి రౌండూ (అందరికీ తలా ఒక వంతు) కాల్చాలంటే మాత్రం డైస్ తగ్గించాల్సిందే.

వజ్రకవచం రోజంతానా? రోజంతా ఉండే స్పెల్ బేసిక్‌లో కలిసిపోయిన డీఏ లాంటిది. ఉందన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. దెబ్బలు తగలట్లేదని నువ్వు రాక్షసుల బలం పెంచుతావు, కవచం లేనివాడు చస్తాడు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో బలం పెంచే బుల్స్ స్ట్రెంత్ అనే స్పెల్, వేసినవాడి లెవెల్‌కి (పాత్ర ఎదిగిన మెట్టుకు) గంట చొప్పున ఉండేది. పొద్దున వేసుకుంటే చాలు, ఇక దాని ఊసే ఉండదు. 2003 సవరణలో దాన్ని లెవెల్‌కి నిమిషానికి దించారు. నువ్వూ దించు. రోజంతా కావాలంటే రక్షణకు +1 చాలు.

ఇక నాగబంధం. పది రౌండ్లు కదలకూడదు, విడిపించుకునే దారి లేదు అని రాశావే, దాని దగ్గర నా గుండె ఆగింది.

చెన్నైలో ఉద్యోగం కొత్తలో మా రూములో ఆడేవాళ్లం. అదే మూడో ఎడిషన్, జెరాక్స్ కాపీ. అందులో మనిషిని కదలకుండా కట్టేసే హోల్డ్ పర్సన్ స్పెల్ లెవెల్‌కి ఒక రౌండు ఉండేది. మొదటి సేవింగ్ త్రో (స్పెల్ నుంచి తప్పించుకోడానికి వేసే డైస్) పోయిందంటే మళ్లీ ఛాన్సు లేదు. ఆట నడిపే అన్న ఏడో లెవెల్ పూజారి చేత దాన్ని కావలి ఊరి నుంచి వచ్చిన కుర్రాడి పాత్ర మీద వేయించాడు. రౌండంటే ఆరు సెకన్లు, ఏడు రౌండ్లకు 42 సెకన్లు. మా రూములో మాత్రం గంట దాటింది. ఒక్కొక్కడు రూలు వెతుక్కుని, డైస్ వేసి, వాదించుకునే సరికి రౌండుకు పది నిమిషాలు పట్టేది మరి. ఆ పిల్లాడు డైస్ ఒకదాని మీద ఒకటి పేర్చాడు, కూల్చాడు, మళ్లీ పేర్చాడు. వాడి వంతు వచ్చినప్పుడల్లా అన్న "నువ్వు కదల్లేవు" అని పక్కవాడి వైపు తిరిగేవాడు. మరుసటి వారం షిఫ్టు ఉందన్నాడు. ఆ పై వారమూ షిఫ్టే. మేం అర్థం చేసుకునే సరికి వాడు రూము మారిపోయాడు.

అన్న రూలు ప్రకారమే ఆడించాడు, కాదనను. కానీ 2003లో ఆ రూలునే మార్చి, ప్రతి రౌండూ కొత్త సేవింగ్ త్రో ఇచ్చారు. ఇప్పటి ఐదో ఎడిషన్‌లో గరిష్ఠం ఒక నిమిషం, ప్రతి వంతు చివరా విడిపించుకునే ఛాన్సు, పైగా వేసినవాడి కాన్సన్‌ట్రేషన్ (స్పెల్ మీద నిలిపిన ధ్యాస) కావాలి. వాడికి దెబ్బ తగిలితే పది గానీ, డ్యామేజీలో సగం గానీ, ఏది ఎక్కువైతే అంత వచ్చేలా సేవింగ్ త్రో వేయాలి. అది తప్పితే స్పెల్ తెగిపోతుంది. అంటే బందీ అయినవాడి కోసం మిగతావాళ్లు పూజారి మీద పడొచ్చు. అదీ ఆట!

అందుకే ప్రతి స్పెల్ పక్కనా రెండు కాలాలు రాసుకో: ఆటలో ఎంతసేపు, మీ మేడ మీద ఎంతసేపు. రాక్షసుణ్ణి కట్టేస్తే పర్లేదు, నీకు ఇంకో పది రాక్షసులున్నారు. ఎదురుగా కూర్చున్న పిల్లాడికి ఉన్నది ఒక్క క్యారెక్టరే. నాగబంధం కట్టేసినా మాట్లాడనివ్వు, కేకేసి దారి చెప్పనివ్వు.

నలభై స్పెల్స్ ఎవరు రాయమన్నారు నిన్ను, ఇంటర్ పరీక్షలప్పుడు ఇంత ఓపిక ఎక్కడికి పోయింది? సరేలే, చేతిరాత మాత్రం బాగుంది. మొదటి వారానికి పది చాలు.

మీ పక్కింటి పిల్లాడు కూడా వస్తాడని, వాడు నోరు తెరిచి మాట్లాడడని అక్క చెప్పింది. మొదటి రోజు నాగబంధం వాడి మీద మాత్రం వేయకు.

మీ మామయ్య,
ఒంగోలు