గుమ్మంలో ఆగిన రిక్వెస్టు

అనంతపురం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వేరుశనగ రైతులు పాసుపుస్తకం ఫోటో పంపి విత్తనాలకు పేరు నమోదు చేసుకునే వెబ్ అప్లికేషన్‌ను నీవు, నీ స్నేహితులు తొలకరికి ముందే ప్రారంభిస్తున్నారని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఎంతో గర్వపడ్డాను. అయితే తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పటినుంచి ఒకటే దిగులు. రైతు పంపిన రిక్వెస్టును సర్వర్ తిరస్కరించిన రోజున నీవేం చేస్తావు?

ముందు స్టేటస్ కోడ్, అంటే సర్వర్ జవాబుతో పంపే మూడంకెల సంఖ్య, చూస్తావు. 400 అయితే పంపిన తీరులో తప్పు, 401 అయితే పంపినవారెవరో తేలలేదు, 403 అయితే అనుమతి లేదు, 413 అయితే పంపినది మరీ పెద్దది, 429 అయితే తక్కువ వ్యవధిలో మరీ ఎక్కువసార్లు అడిగారు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నేను చేసిన తప్పు మాత్రం నీకు తెలియదు. చాలా ఏళ్ల క్రితం ఒక కార్యాలయంలో విద్యార్థుల దరఖాస్తుల సర్వర్‌ను చూసుకునేవాణ్ణి. అంతవరకు అందరూ నెట్ సెంటర్లలో ధ్రువపత్రాలు స్కాన్ చేసి పంపేవారు. గడువు చివరి రోజున రద్దీ తట్టుకోలేక చాలామంది ఫోనుతో ఫోటో తీసి పంపారు. అవన్నీ వెనక్కి రాసాగాయి. ఏ లోపం వచ్చినా "అనుమతి లేదు" అన్న ఒకే వాక్యం కనిపించేలా పేజీని రాసింది నేనే. ఆ వాక్యాన్నే నమ్మి, సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ (రిక్వెస్టు మన పేజీ నుంచే వచ్చిందని, వేరే సైటు పంపింది కాదని రుజువు చేసే రహస్య గుర్తు) సరిపోలడం లేదని నిశ్చయించుకుని, ఆ తనిఖీనే తీసేశాను. నా దగ్గరున్న చిన్న స్కాన్ కాపీతో పరీక్షిస్తే దరఖాస్తు వెళ్లింది కాబట్టి సమస్య తీరిందనుకున్నాను. తనిఖీ ఉన్నా అది వెళ్లేదే. అప్లికేషన్ లాగ్‌ను అంటే వచ్చిన రిక్వెస్టులు నమోదయ్యే చిట్టాను ఎన్నిసార్లు తిరగేసినా ఆ విద్యార్థుల జాడ లేదు, ఆ జాడ లేకపోవడమే సాక్ష్యమని నాకు తట్టలేదు. రిక్వెస్టులు అప్లికేషన్ దాకా రాలేదమ్మా. ముందు కాపలా ఉన్న ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ వాటిని గుమ్మంలోనే తిప్పి పంపింది. దాని అమరిక మార్చకపోతే 1 ఎంబీ మించిన రిక్వెస్టును అది లోపలికి రానివ్వదు, ఆ ఫోటోలేమో 3, 4 ఎంబీలు. ఈ సంగతి దాని ఎర్రర్ లాగ్‌లో వరుసగా రాసి ఉందని రాత్రి పదింటికి గాని చూడలేదు. అప్పటికి గడువు తీరింది. కళ్యాణదుర్గం వైపు పల్లె నుంచి వచ్చి మధ్యాహ్నమంతా మెట్లమీద కూర్చున్న ఒక అమ్మాయి చివరి బస్సుకు వెళ్లిపోయింది. ఇప్పటి నీ వయసే ఉంటుంది. నేను తీసేసిన తనిఖీని మూడు వారాల దాకా తిరిగి పెట్టలేదు. ఆలోగా వేరే సైటు ఏదైనా విద్యార్థుల లాగిన్‌ను వాడుకుని దరఖాస్తులు మార్చిందేమో చూద్దామంటే, పాత లాగులు అప్పటికే చెరిగిపోయాయి.

అందుకే చెబుతున్నాను, ఏ తాళమూ తీయకముందు రిక్వెస్టు ఏ గుమ్మం దగ్గర ఆగిందో తేల్చుకో. ప్రతి రిక్వెస్టుకు ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చి, అది ఇంజిన్‌ఎక్స్ లాగ్‌లోనూ అప్లికేషన్ లాగ్‌లోనూ పడేలా చూడు. బ్రౌజర్‌లో కోర్స్ (ఒక సైటు పేజీ మరో సైటు జవాబును చదవవచ్చో లేదో తేల్చే నియమం) లోపమని ఎర్రగా కనబడగానే నక్షత్రం గుర్తు (*) పెట్టి అందరికీ తలుపు తెరిచే అలవాటు నీకుందని సంక్రాంతికి నీ ల్యాప్‌టాప్‌లో చూశాను, అది మానుకోవాలి. ఇంజిన్‌ఎక్స్ 413 అని తిప్పి పంపినప్పుడు ఆ జవాబులో అనుమతి తెలిపే కోర్స్ హెడర్ లేకపోతే బ్రౌజర్ దాన్ని కూడా కోర్స్ లోపంగానే చూపుతుంది. మరొకటి, మొబైల్ నెట్‌వర్కులో ఎందరో రైతులకు బయటికి కనిపించే ఐపీ చిరునామా ఒకటే కావచ్చు; ఐపీని బట్టి పరిమితి పెడితే కొందరు అడిగేసరికే ఊరంతటికీ 429 పడవచ్చు.

రాత్రుళ్లు మేలుకుని ఒంటరిగా తంటాలు పడకు, ఏ వేళకైనా నాకు ఫోన్ చెయ్యి. ఈ ఆదివారం అవ్వ పాసుపుస్తకాన్ని ఆమె ఫోనుతోనే ఫోటో తీసి నీ సర్వర్‌కు పంపుతాను. అది వెనక్కి వస్తే, రెండు లాగుల్లోనూ ఏ వరుస పడిందో నాకు రాసి పంపు.

మీ మామయ్య