తమ్ముడు మాట తప్పాడు, మరి నేనెందుకు నిలబెట్టుకోవాలి?

మీతో కలిసి తీసుకున్న అప్పులో సగం తీరుస్తానని మాట ఇచ్చిన మీ తమ్ముడు రెండేళ్ళుగా ఒక్క వాయిదా కూడా కట్టలేదని, మీరు మాత్రం అతని కూతురి చదువు పూర్తయ్యేదాకా ఫీజు భరిస్తానని ఆ అమ్మాయికి మాట ఇచ్చి ఉన్నారని రాశారు. "వాడికి లేని పట్టింపు నీకెందుకు?" అన్న మీవారి ప్రశ్నకు మీకు జవాబు దొరకడం లేదు.

ఆ ప్రశ్నను నేను తీసిపారేయను. అంతర్యుద్ధ కాలంలో జీవించిన ఇంగ్లండు తత్వవేత్త థామస్ హాబ్స్ 1651లోనే ఈ చిక్కు గురించి రాశారు: మాట తప్పినవాణ్ణి నిలదీసే అధికారం ఎవరికీ లేని చోట, ముందుగా తన వంతు నెరవేర్చినవాడు అవతలివాడి చేతికి చిక్కినట్టే. అప్పు విషయంలో మీకు జరిగింది అదే. అయితే, ఒకరు తమ వంతు చేసేశాక రెండోవారు వెనక్కి తగ్గడం సబబు కాదని కూడా ఆయనే అన్నారు. మీ మేనకోడలు చేతికొచ్చిన ఉద్యోగాన్ని వదులుకుని చదువులో చేరింది మీ మాట మీదే కదా. "అత్తా, పదో తేదీలోపు కట్టాలట, నీకు ఇబ్బందైతే చెప్పు" అని ఆమె పంపిన సందేశాన్ని మీరు యథాతథంగా రాశారు. ఆ చివరి ముక్కలో నాకు మర్యాద కన్నా భయమే ఎక్కువ కనిపించింది. బాకీ పడింది తండ్రి, మీ మాట నమ్ముకున్నది కూతురు. ఒకరి తప్పును మరొకరి ఖాతాలో రాయకండి.

మోసమని గురువు హెచ్చరించినా బలి చక్రవర్తి ఇచ్చాడు కదా అని కూడా అడిగారు. ఆయన ధారపోసింది తన సొంతం. మీవారితో కలిసి దాచుకున్న సొమ్మును మీరొక్కరే ధారపోయలేరు కాబట్టి, ఫీజు మీ జీతంలోంచే కట్టండి, అదీ నేరుగా కళాశాలకే. తన ఖాతాలో వేయమంటున్న తమ్ముడి మాట వినవద్దు. అతను తీర్చవలసిన సగాన్ని కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి, మళ్ళీ అప్పు మాత్రం ఇవ్వకండి. అతని మీద నమ్మకం పోవడం మీ తప్పు కాదు, దాన్ని దాచనక్కరలేదు కూడా.

మొత్తం ఒకేసారి కట్టలేకపోతే ఆ సంగతి గడువు దాటాక కాకుండా ఈ వారంలోనే ఆమెకు చెప్పండి, ఎంత కట్టగలరో అంకెతో సహా. ఆ ఫోన్‌లో తండ్రి బాకీ ప్రస్తావన మాత్రం తేకండి.