టెక్ సందేహాలు: హార్డ్ డిస్కులో గాజు పెంకులా?

ప్రశ్న: పర్లాకిమిడిలో ఫొటో స్టూడియో నడుపుతున్నాను. పెళ్లి ఫొటోలున్న పోర్టబుల్ హార్డ్ డిస్కు మేడ మెట్ల మీద నుంచి జారిపడింది. ఇప్పుడు కుదిపితే లోపల ఇసుక పోసినట్టు గలగలమంటోంది. రిపేరు షాపతను ‘లోపల గాజు పగిలింది, ఇక రాదు’ అని డబ్బులు కూడా తీసుకోకుండా తిప్పి పంపాడు. హార్డ్ డిస్కులో గాజేంటి? పని తప్పించుకుంటున్నాడా?

జవాబు: లేదండీ, ఉన్నమాటే చెప్పాడు. ల్యాప్‌టాప్‌లలో, పోర్టబుల్ డ్రైవుల్లో ఉండే రెండున్నర అంగుళాల డిస్కుల్లో తిరిగే పళ్లాలు చాలావరకు గాజువే. డెస్క్‌టాప్‌ల మూడున్నర అంగుళాల వాటిలో అల్యూమినియం ఎక్కువ. పైపూత వల్ల రెండూ అద్దంలా ఒకేలా మెరుస్తాయి. నేనూ ఓసారి పాత ల్యాప్‌టాప్ డిస్కు విప్పి, రేకే కదా అని పళ్లాన్ని వంచబోయాను. ఠప్పున పగిలి గదంతా చిమ్మింది. వారం రోజులు పెంకులు ఏరుతూనే ఉన్నాను, ఇంట్లో అక్షింతలు సరేసరి.

అల్యూమినియం మెత్తన, డేటా చదివే, రాసే భాగమైన హెడ్ వచ్చి తగిలితే సొట్ట పడుతుంది. గాజు గట్టిది. పలచగా చేసినా, నిమిషానికి 5,400 సార్లు తిరుగుతున్నా అల్లాడదు. 65 మిల్లీమీటర్ల పళ్లెం మందం 0.635 మిల్లీమీటర్లే. హెడ్ దాని మీద కొద్ది నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది. మన వెంట్రుక మందమే సుమారు 80 వేల నానోమీటర్లు!

జపాన్‌కు చెందిన హోయా ఈ పళ్లాల తయారీలో పేరున్న కంపెనీ. కరిగిన గాజు ముద్దను అచ్చులో అప్పడంలా నొక్కి, మధ్యలో 20 మిల్లీమీటర్ల రంధ్రం తొలుస్తారు. పగులు మొదలయ్యేది అంచు దగ్గరే కాబట్టి అంచుల్ని జాగ్రత్తగా అరగదీస్తారు. తర్వాత సీరియం ఆక్సైడ్ కలిపిన నీళ్లతో ఒక మెరుగు, అంతకన్నా సన్నని సిలికాతో ఇంకో మెరుగు. ముతకది ముందు, సన్నది చివర అన్న ఈ వరస మీ ఊళ్లో కొమ్ము బొమ్మలు చేసేవాళ్లకు కొత్తేం కాదు. సీరియం కూడా మనకు దూరపు చుట్టమేం కాదు. గంజాం జిల్లా ఛత్రపురం తీరంలో తవ్వే ఇసుకలోని మోనజైట్ అనే ఖనిజంలో అదే ఉంటుంది.

గట్టితనం కోసం చాలా రకాల గాజును కరిగిన పొటాషియం నైట్రేట్‌లో ముంచుతారు. గాజు పైపొరలోని సోడియం అయాన్లు బయటికి పోయి, వాటి చోట్లలో ఇంకా పెద్దవైన పొటాషియం అయాన్లు ఇరుక్కుంటాయి. ఇద్దరి సీట్లో ముగ్గురు సర్దుకున్న గుణుపురం బస్సే! ఆ ఒత్తిడిలో పగులు విచ్చుకోవడానికి సందు దొరకదు. మెట్ల మీద నుంచి పడితే మాత్రం ఆ బలమూ చాలదు.

చివర్లో దుమ్ములేని గదిలో కోబాల్ట్ మిశ్రమపు అయస్కాంత పొర, దాని మీద కార్బన్, ఆపైన జారుడు కోసం పలుచని పూత వేస్తారు. మీ ఫొటోలు ఉండేది ఆ అయస్కాంత పొరలో. గాజు దానికి పీట. డిస్కు టకటకమంటే హెడ్ పోయిందేమో, ల్యాబ్‌లో కొంత ఆశ ఉంటుంది. గలగలమంటే పీటే ముక్కలైనట్టు. రికవరీ చేస్తామని ఎవరైనా అడ్వాన్సు అడిగితే ఇవ్వకండి. ముందు ఆ పెళ్లికి వాడిన కెమెరా కార్డులు తీసి పక్కన పెట్టండి, వాటితో ఒక్క ఫొటో కూడా తీయొద్దు. ఫార్మాట్ చేసినా సరే, ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చాలాసార్లు ఫొటోలు వస్తాయి. ఆల్బమ్ ప్రింటింగ్‌కు పంపిన ఫైళ్లు వాళ్ల దగ్గర ఉన్నాయేమో కూడా అడగండి.

ప్రశ్న: సిరొంచలో జిరాక్స్ సెంటర్ మాది. మే నెలలో రేకుల షెడ్డు పెనంలా కాలుతుంది. ఆ వేడికి గాజు డిస్కు పగులుతుందా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: గాజుకేమీ కాదు. సీగేట్ కంపెనీ కొత్త డిస్కుల్లో లేజర్‌తో వేడి చేస్తూ డేటా రాస్తారు, వాటి పళ్లాలు గాజువే. వేడికి ఇబ్బంది పడేది మోటారు, హెడ్, సర్క్యూట్. మామూలు డిస్కులు పనిచేసే పరిమితి ఎక్కువగా 60 డిగ్రీలు. డిస్కు వేడిని చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో చూసి, 50 డిగ్రీలు దాటుతుంటే కాసేపు ఆపండి. కూలర్ తడిగాలి మాత్రం కంప్యూటర్ మీదికి వద్దు. కూలర్ మీ వైపు తిప్పుకుని, కంప్యూటర్‌కు టేబుల్ ఫ్యాన్ పెట్టండి.