ముందు సైకిలు ప్రయాణం తేల్చుకో

ఒంగోలు

అమ్మాయికి, పెద్దమ్మ దీవెనలు.

హైదరాబాదులో జరిగే ఆడవాళ్ళ సైకిల్ రైడ్‌కి నువ్వూ నీ స్నేహితురాళ్ళిద్దరూ పేర్లు ఇవ్వబోతున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. ఇట్టాంటి పేరున్న రైడ్లకి చోట్లు గబగబా నిండిపోతాయి, కాబట్టి రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే డబ్బు కట్టాలి. కానీ ఆ రోజుకల్లా రెండు సంగతులు తేలి ఉండాలి. బిబ్ నంబర్ (రైడ్‌లో ఒంటి మీద తగిలించుకునే నంబర్) ఏ రోజు, ఎన్ని గంటల దాకా ఇస్తారు? నెల్లూరు నుంచి సైకిళ్ళు ఎట్టా పోతాయి? మనిషి ఎట్టాగైనా వెళ్ళగలదు, సైకిలు అట్టా కాదు. దాని ప్రయాణం తేలితేనే మీ రైలు, గది, సెలవు అన్నీ తేలతాయి.

నియమాల కాగితం మొత్తం చదువు. బిబ్ సాధారణంగా ముందురోజే ఇస్తారు, సాయంత్రానికి కౌంటర్ మూసేస్తారు. రైడ్ ఆదివారం అయితే శుక్రవారం రాత్రి ఎక్కి శనివారం తెల్లవారి దిగాలి. శనివారం రాత్రి బయల్దేరితే సైకిలు ఉన్నా నంబర్ ఉండదు. ఒకరి బిబ్ ఇంకొకరు తీసుకోవచ్చా, దానికి ఉత్తరం, ఆధార్ నకలు కావాలా చూడు. కట్టిన డబ్బు వెనక్కి ఇస్తారా, పేరు ఇంకొకరికి మార్చుకోనిస్తారా, దూరం మార్చుకోనిస్తారా అన్నదీ చూడు.

ఎంత దూరం ఎంచుకోవాలన్నది కటాఫ్ సమయాన్ని, అంటే ఆ దూరం ముగించడానికి ఇచ్చే గడువుని బట్టి లెక్క వేసుకో. 50 కిలోమీటర్లకి మూడున్నర గంటలు ఇచ్చారనుకో, గంటకి 14 కిలోమీటర్ల పైచిలుకు పడుతుంది. నీళ్ళకి ఆగింది, గొలుసు పడితే ఎక్కించుకుంది అంతా అందులోనే. మైపాడు బీచ్‌కి పోను రాను సుమారు 45 కిలోమీటర్లు ఆగిన సమయంతో కలిపి మూడు గంటల్లో తిరిగొస్తే ధైర్యంగా 50 పెట్టుకో. అయితే మైపాడు రోడ్డు చదును, హైదరాబాదులో ఎత్తుపల్లాలు ఉంటాయి. అందుకని వారానికొకసారి నరసింహకొండ ఎక్కండి. ఎక్కుడు మొదలవకముందే గేరు తగ్గించడం అలవాటు చేసుకోవాలి. సగం ఎక్కాక బలంగా తొక్కుతూ గేరు మారిస్తే గొలుసు తెగేదీ, పడేదీ అప్పుడే.

ఫారం నింపేటప్పుడు మనవాళ్ళకి చిక్కంతా ఇంటిపేరుతోనే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఫారంలో పొడి అక్షరం రాస్తారు, కౌంటర్ దగ్గర రెండూ కలవవు. ఆధార్‌లో ఉన్నట్టే రాయి. అత్యవసర నంబర్ గడిలో మీ ముగ్గురూ ఒకరిది ఒకరు రాసుకోబాకండి, ముగ్గురూ రోడ్డు మీదే ఉంటారు. ఆదివారం పొద్దున ఆరింటికి ఫోను ఎత్తే మనిషి నంబర్ ఇవ్వాలి. బ్లడ్ గ్రూపు ఊహించి రాయబాకు. టీషర్ట్ సైజుకి నీకు సరిపోయే చొక్కాని నేల మీద పరిచి, చంక నుంచి చంకకి కొలిచి, వాళ్ళిచ్చిన పట్టికతో పోల్చుకో.

డబ్బు కట్టేటప్పుడు ఖాతాలో తగ్గిపోయి, రసీదు మాత్రం రాకపోవచ్చు. వెంటనే రెండోసారి కట్టబాకు. యూపీఐలో 12 అంకెల యూటీఆర్ నంబర్ ఉంటుంది, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి నిర్వాహకులకి మెయిల్ పెట్టు. ఆ నంబర్ ఉంటే డబ్బు ఎక్కడ ఆగిందో వాళ్ళకి తెలుస్తుంది.

ఇక రైలు. మనకి సింహపురి ఎక్స్‌ప్రెస్ రాత్రి ప్రయాణం, పగలు వృథా కాదు. టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు, రైడ్ తేదీ ప్రకటించగానే వేళ్ళ మీద లెక్కపెట్టి క్యాలెండర్‌లో రాసుకో. ముగ్గురికీ ఒకే పీఎన్ఆర్ మీద తీసుకోండి. మామూలు కోటా నిండిపోతే లేడీస్ కోటా చూడు. దూరప్రయాణపు ఎక్స్‌ప్రెస్‌లలో స్లీపర్‌లో ఆడవాళ్ళకి 6 బెర్తులు విడిగా ఉంచుతారు, ఆ సంగతి చాలామందికి తెలియదు. తత్కాల్ మీద ఆశ పెట్టుకోబాకు. అది ముందురోజు ఏసీకి 10 గంటలకి, స్లీపర్‌కి 11 గంటలకి తెరుస్తారు, ఆన్‌లైన్‌లో తీయాలంటే ఖాతా ఆధార్‌తో కలిపి ఉండాలి. ఈమధ్య కొన్ని రైళ్ళని సికింద్రాబాద్ నుంచి చర్లపల్లికి మార్చారు. టికెట్ మీద దిగే స్టేషన్ ఏదో చూసుకున్నాకే గది తీసుకో. గది స్టేషన్ దగ్గర వద్దు, రైడ్ మొదలయ్యే చోటికి మూడు నాలుగు కిలోమీటర్ల లోపు ఉండాలి. తెల్లవారుజామున నాలుగింటికి సైకిలు పట్టే బండి దొరకడం కష్టం, అంత దగ్గరైతే తొక్కుకుంటూ పోవచ్చు.

సైకిలుని మనమెక్కే రైలుపెట్టెలోకి ఎక్కించుకోవచ్చా అంటే, స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో 40 కిలోల సామాను దాకా ఉచితమే, కానీ ఆ ఉచితంలోకి సైకిలు రాదు. పైగా కొలత కూడా అడ్డం వస్తుంది. స్లీపర్‌లో అయితే మనతో ఉంచుకునే సామాను పెట్టె 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 ఎత్తు దాటకూడదు. అందుకని బ్రేక్‌వ్యాన్‌లో, అంటే రైలుకుండే సామాన్ల పెట్టెలో వేయించాలి. పార్శిల్ ఆఫీసులో ‘లగేజీ’ అని అడుగు, ‘పార్శిల్’ అనబాకు. లగేజీ అంటే నీ టికెట్ చూపించి నువ్వెక్కే రైల్లోనే వేయించుకోవడం. పార్శిల్ అంటే ఏ రైల్లో చోటుంటే ఆ రైల్లో పోతుంది, రైడ్ అయిపోయాక చేరినా అడిగేదేం లేదు.

సైకిళ్ళని గూడూరులో బుక్ చేయండి, నెల్లూరులో కాదు. నెల్లూరులో రైలు ఆగేది కొద్ది నిమిషాలు. బ్రేక్‌వ్యాన్ ప్లాట్‌ఫాం ఆ కొసన ఆగి, లోపల సరుకు అడ్డం ఉంటే సైకిళ్ళు సర్దిన మీ డబ్బాలు ప్లాట్‌ఫాం మీదే మిగిలిపోతాయి. సింహపురి బయల్దేరేదే గూడూరు నుంచి, ఎక్కించడానికి తీరిక ఉంటుంది. నెల్లూరు నుంచి 38 కిలోమీటర్లు, ఒక ట్రాలీ ఆటోలో మూడు డబ్బాలూ పడతాయి. టికెట్లు కూడా గూడూరు నుంచే తీసుకోండి. రైలుకి నాలుగు గంటల ముందు ఆఫీసులో ఉండాలి. ఎక్కించేదాకా ఒకరు డబ్బాల దగ్గరే నిలబడండి. రసీదు పోగొట్టబాకు, అది లేకపోతే అవతల సైకిలు ఇవ్వరు.

సర్దడం ఇంట్లో ఒకసారి చేసి చూడు. కొత్త సైకిళ్ళు వచ్చిన అట్టపెట్టెలు షాపులో పడేస్తుంటారు, అడిగితే ఇస్తారు. ముందు గొలుసుని వెనక అన్నిటికన్నా పెద్ద పళ్ళచక్రం మీదికి తెచ్చుకో. తర్వాత 5 ఎంఎం అలెన్ కీతో వెనక డీరెయిలర్‌ని (గేరు మార్చేటప్పుడు గొలుసుని పక్కకి జరిపే భాగం) విప్పి, గుడ్డ చుట్టి, లోపలి వైపు ఫ్రేముకి కట్టేయి. ఈ ఒక్క పని మానేస్తే ఏమవుతుందో చెప్తా. డీరెయిలర్ తగిలించే హ్యాంగర్ అనే చిన్న ముక్క మెత్తటి లోహంతో చేస్తారు, ఫ్రేము పాడవకుండా అదే ముందు వంగాలని. డబ్బా మీద ఒక బస్తా పడితే చాలు, వంగుతుంది. కంటికి కనపడదు. మర్నాడు ఎక్కుడులో పెద్ద చక్రానికి గేరు వేయగానే డీరెయిలర్ వెళ్ళి పుల్లల్లో పడుతుంది, చక్రం అక్కడికక్కడే బిగుసుకుంటుంది. హ్యాంగర్ ఒక్కో మోడల్‌కి ఒక్కో రకం, హైదరాబాదు షాపులోనైనా నీది దొరుకుతుందని నమ్మకం లేదు. ఇప్పుడే ఒకటి తెప్పించి సంచిలో వేసుకో.

పెడళ్ళకి 15 ఎంఎం స్పానర్. కుడిది మామూలుగా ఎడమకి తిప్పితే ఊడుతుంది, ఎడమది కుడికి తిప్పాలి. తెలియక బలం పెడితే మర పోతుంది. ముందు చక్రం తీశాక ఫోర్కు కాళ్ళ మధ్య చెక్కముక్క బిగించు. డిస్క్ బ్రేకు అయితే ప్యాడ్ల మధ్య అట్టముక్క పెట్టు, చక్రం లేనప్పుడు లివర్ నొక్కితే ప్యాడ్లు దగ్గరికొచ్చి మళ్ళీ డిస్కు దూరదు. సీటు దించేముందు ఎత్తు దగ్గర టేపు అంటించు. డబ్బాకి రెండు పక్కలా పేరు, ఫోను, పీఎన్ఆర్, ఎక్కడినుంచి ఎక్కడికో లావు అక్షరాలతో రాయి. శనివారం బిగించాక సాయంత్రం రోడ్డు మీద అన్ని గేర్లూ వేసి చూడు, ఏదైనా సరిచేయించుకోవడానికి అప్పుడింకా షాపులు తీసి ఉంటాయి.

ఇదంతా భారమనిపిస్తే అక్కడ అద్దెకి తీసుకోవచ్చు. అప్పుడైనా నీ సీటు, నీ పెడళ్ళు వెంట తీసుకుపో. కొత్త సీటు మీద 50 కిలోమీటర్లు తొక్కితే ఒళ్ళు ఒరుసుకుపోతుంది. ప్యాడ్ ఉన్న షార్ట్స్ కింద లోదుస్తులు వేసుకోబాకు, కుట్లే కోసేది. జడ మెడ దగ్గర కిందికి వేసుకో, ముడి వేస్తే హెల్మెట్ పైకి లేచి నుదురు ఖాళీ అవుతుంది. నెలసరి తేదీలు ఆ రోజుల్లో పడతాయనుకుంటే కావలసినవి ఇక్కణ్ణించే తీసుకుపో. లీటరుకి కలపాల్సిన ఓఆర్ఎస్ ప్యాకెట్టుని అరలీటరు సీసాలో వేయబాకు, దాహం పెరిగి కడుపు తిప్పుతుంది.

రైడ్ నవంబరు, డిసెంబరుల్లో పడితే మన తీరాన్ని మర్చిపోబాకు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే కూడా ఆగింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకి రైళ్ళు ఆగిపోయాయి. వాయుగుండం మాట వినపడితే ఒక రోజు ముందే బయల్దేరండి, లేదా అక్కడే సైకిళ్ళు అద్దెకి మాట్లాడి పెట్టుకోండి.

తిరుగు ప్రయాణానికీ లగేజీ గూడూరుకే రాయించు. నెల్లూరుకి రాయిస్తే దించేలోపు రైలు కదిలిపోవచ్చు. రైడ్ అయ్యాక సైకిలు మళ్ళీ సర్దడానికి ఒక్కోదానికి గంట పడుతుంది, మధ్యాహ్నం రైలు పెట్టుకోబాకండి. ఆదివారం పొద్దున గది వదిలేముందు, అట్టపెట్టెలు బయట పారేయొద్దని లాడ్జి వాళ్ళకి గట్టిగా చెప్పండి.

ఇట్లు,
మీ పెద్దమ్మ