సాలెగూటి మీద ప్రయోగం చేయాలంటే

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం జువాలజీ చదువుతున్నాను. సాలీళ్లంటే చిన్నప్పటి నుంచి ఇష్టం. అవి గూడు ఎలా అల్లుతాయో ప్రయోగాలు చేసి తెలుసుకోవాలని ఉంది. ఖరీదైన పరికరాలు లేవు. ‘దీంతో ఏం ఉద్యోగం వస్తుంది?’ అని ఇంట్లో అడుగుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: పరికరాలు లేవని దిగులు పడకండి. 1973లో స్కైలాబ్ అంతరిక్ష కేంద్రానికి రెండు సాలీళ్లను పంపారు. బరువు తెలియని చోట అవి గూడు అల్లగలవా అని అడిగింది జుడిత్ మైల్స్ అనే హైస్కూల్ విద్యార్థిని. ఆమె దగ్గర ఉన్నది మంచి ప్రశ్న. మీరు ముందు సంపాదించాల్సిందీ అదే.

‘సాలీళ్లు గూడు ఎలా అల్లుతాయి?’ అన్నది ప్రయోగానికి పనికొచ్చే ప్రశ్న కాదు, మరీ పెద్దది. దాన్ని కొలిచేంత చిన్నది చేయాలి. చక్రంలా గూడు అల్లే సాలీళ్లలో చాలావరకు గూటి మధ్యలో తలకిందులుగా కూర్చుంటాయి. ఆ మధ్య భాగం కూడా సరిగ్గా నడుమ ఉండదు, కాస్త పైకి ఉంటుంది. ఎర పడితే కిందికి పరుగెత్తడం తేలిక కాబట్టి కింది భాగం పెద్దదిగా అల్లుతాయి. మరి దీపాన్ని పైన కాకుండా కింద పెడితే ఆ మధ్య భాగం జరుగుతుందా? ఇదీ ప్రశ్న అంటే. జరుగుతుందో లేదో మీ అంచనాను ప్రయోగానికి ముందే నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకోండి.

దీపం మాట ఊరికే చెప్పలేదు. 2011లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో సాలీళ్లను ఉంచి, వాటి గూళ్లను వరుసగా ఫొటోలు తీశారు. దీపం వెలుగుతున్నప్పుడు అల్లిన గూళ్లకూ చీకట్లో అల్లిన గూళ్లకూ తేడా కనిపించింది. గురుత్వాకర్షణ లేనప్పుడు అవి వెలుతురును బట్టి పైనా కిందా పోల్చుకుంటున్నాయని తేలింది. వెలుతురుకు ఇంత పాత్ర ఉంటుందని ఆ పరిశోధకులు ముందు ఊహించలేదు. మీ గదిలోనూ మీరు పట్టించుకోని కిటికీ ఒకటి ఉండొచ్చు, జాగ్రత్త.

ఏర్పాటు తేలికే. సుమారు 30 సెంటీమీటర్ల చదరపు చెక్క ఫ్రేమ్, ముందూ వెనకా పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్లు. షీట్లకు లోపలివైపు పల్చగా వాజలీన్ రాస్తే దారాలు అంటుకోవు. ఫొటోకు షీట్లు తీసి, వెనక నల్లగుడ్డ కట్టి, పక్కల నుంచి లైటు వేయండి. పక్కన స్కేలు పెట్టడం మరవద్దు. గూడు బాగా కనబడాలని పిండి చల్లుతారు కొందరు. నాకు అది నచ్చదు, ఆ గూడు మళ్లీ సాలీడుకు పనికిరాదు.

చాలా జాతులు తెల్లవారుజామున అల్లుతాయి. 1948లో హాన్స్ పీటర్స్ అనే జంతుశాస్త్రవేత్త ఆ వేళ మార్చే మందు ఏదైనా ఉందా అని పీటర్ విట్ అనే ఔషధశాస్త్రవేత్తను అడిగారు. మందులిస్తే వేళ మారలేదు, గూటి ఆకారం మారింది! మీరు మాత్రం మందుల జోలికి పోకండి. టైమర్ ఉన్న కెమెరా చాలు.

అసలు కష్టం ప్రయోగాన్ని డిజైన్ చేయడంలో ఉంది. అన్ని సాలీళ్లకూ ముందు పైదీపం, తర్వాత కిందిదీపం పెట్టారనుకోండి. తేడా వస్తే అది దీపం వల్లా, ఈలోగా సాలీడు పెరగడం వల్లా? చెప్పలేరు. అందుకే సగం సాలీళ్లకు వరుస తిరగేయాలి. ఆకలి, కుబుసం విడవడం, గుడ్లు పెట్టడం కూడా గూటిని మారుస్తాయి, కాబట్టి ఆహారం, బరువు రోజూ రాయండి. ఇంకొకటి, చాలామంది పొరబడేది ఇక్కడే: 10 సాలీళ్లు ఒక్కోటి 5 గూళ్లు అల్లితే మీ దగ్గర 50 నమూనాలు లేవు. ఉన్నవి 10 సాలీళ్లే. ఫొటోలకు కోడ్ నంబర్లు ఇచ్చి, ఏది ఏ దీపానిదో తెలియని స్నేహితుల చేత కొలిపించండి. మన ఆశ మన కొలతల్లోకి తెలియకుండానే దూరుతుంది.

విషపు జాతులను గుర్తుపట్టడం నేర్చుకున్నాకే సాలీళ్లను పట్టండి. నీటి తుంపర రోజూ అందాలి. స్కైలాబ్‌కు వెళ్లిన రెండు సాలీళ్లూ చనిపోయాయి, ఒంట్లో నీరు తగ్గిపోయిన ఆనవాళ్లు వాటిలో కనిపించాయి. పని అయ్యాక పట్టిన చోటే వదిలేయండి.

ఇక ఇంట్లోవాళ్ల ప్రశ్న. వాళ్ల టెన్షన్ సహజమే. కేవలం సాలీళ్ల మీద పనిచేసే ఉద్యోగాలు తక్కువ. పీజీ, పీహెచ్‌డీ దాకా వెళ్లాలి, ఏళ్లు పడుతుంది. కానీ ప్రయోగం డిజైన్ చేయడం, స్టాటిస్టిక్స్, ఫొటోల నుంచి కొలతలు తీసే కోడింగ్ వస్తే జంతు ప్రవర్తన, పర్యావరణం, పట్టులాంటి పదార్థాల పరిశోధన, డేటా విశ్లేషణ, ఏదైనా మీకు అందుబాటులోనే ఉంటుంది. అందుకే ఈ ఏడాదే స్టాటిస్టిక్స్ మొదలుపెట్టండి, వాయిదా వేయొద్దు.

రెండు నెలలు చేశాక, ఈ రంగంలో పనిచేస్తున్న ప్రొఫెసర్‌కు ఒక పేజీ లేఖ రాయండి. ‘నాకు సాలీళ్లంటే ఇష్టం’ అని కాకుండా మీ ప్రశ్న, మీ అంచనా, అది ఎక్కడ తప్పిందో రాసి, ఫొటోలూ కొలతల పట్టికా జతచేసి పంపండి.