ఓపెన్ రైల్స్ మన బండ్లకు పనికొస్తుందా?

ప్రశ్న: పాత లాప్‌టాప్ ఉంది. డబ్బు పెట్టకుండా పీసీలో మన రైళ్ళు నడపాలని ఉంది. ఓపెన్ రైల్స్ వేసుకుంటే సరిపోతుందా? దాని మంచిచెడ్డలేంటి?

సరిపోతుంది. కాకపోతే ఒక సంగతి తెలుసుకుని దిగండి. ఓపెన్ రైల్స్‌లో బండ్లు ఉండవు, రూట్లు ఉండవు. ఎవరో తయారుచేసిన బండ్లను, రూట్లను చదివి నడిపించే ప్రోగ్రాం మాత్రమే అది. 2001లో మైక్రోసాఫ్ట్ వాళ్ళ ట్రైన్ సిమ్యులేటర్ వచ్చింది, తయారుచేసింది బ్రిటన్‌కు చెందిన కూజూ. దాని రెండో భాగం రెండుసార్లు మొదలై రెండుసార్లూ ఆగిపోయింది. ఇక లాభం లేదని అభిమానులే ఆ పాత ఫైళ్ళను చదివే కొత్త ప్రోగ్రాం రాసుకున్నారు. ఉచితం, సోర్స్ కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంటుంది. అసలు ఆటతో వచ్చిన ఆరు రూట్లు అమెరికా, బ్రిటన్, ఆస్ట్రియా, జపాన్‌లవి. మన రూట్లు, మన ఇంజిన్లు అన్నీ అభిమానుల చేతి పనే. అందుకే ఒకరు చేసిన వాప్-7 (మన కరెంటు ఇంజిన్) నిజం ఇంజిన్‌లా లాగుతుంది, ఇంకొకరు చేసినది బొమ్మ కారులా దూసుకుపోతుంది. రెండూ నడిచేది ఒకే ప్రోగ్రాంలో. "ఓపెన్ రైల్స్ ఫిజిక్స్ బాలేదు" అనేవాళ్ళలో చాలామంది నిజానికి తిట్టాల్సింది ఇంజిన్ ఫైలుని.

దీని అసలు బలం బ్రేకులు. బ్రేకు వేస్తే రైలు పొడవునా ఉండే పైపులో గాలి ఇంజిన్ దగ్గర తగ్గి, ఆ తగ్గుదల ఒక్కో బోగీ దాటుకుంటూ వెనక్కి పాకడాన్ని లెక్క కడుతుంది. ఎఫ్5 నొక్కి, తర్వాత షిఫ్ట్ పట్టుకుని ఎఫ్5 నొక్కుతూ పోతే బ్రేకుల పేజీ వస్తుంది. ప్రతి బోగీ పైపులో, బ్రేకును నొక్కే సిలిండర్‌లో ఎంత ఒత్తిడి ఉందో వరసగా కనిపిస్తుంది. 58 బాక్స్‌ఎన్ (బొగ్గు లాంటివి మోసే) వ్యాగన్ల లోడు తీసుకోండి. ఒక్కోటి నిండితే 81 టన్నుల పైమాట, మొత్తం 4,700 టన్నులు, 620 మీటర్ల పొడవు. బ్రేకు వేశాక చివరి వ్యాగన్ సిలిండర్‌లో ఒత్తిడి మొదటిదాని కంటే ఎంత ఆలస్యంగా లేస్తుందో ఆ పేజీలో చూస్తే, గూడ్స్ లోకో పైలట్ అంత ముందునుంచే ఎందుకు జాగ్రత్త పడతాడో ఇట్టే తెలుస్తుంది.

కానీ ఆ లెక్క మన బండికి కుదరాలంటే కొన్ని మార్చుకోవాలి. ముందు ఆప్షన్స్‌లో ఒత్తిడి కొలతను చదరపు సెంటీమీటరుకు కేజీల్లోకి మార్చండి, అంకెలు మనకు అలవాటైనవి వస్తాయి. మన బ్రేక్ పైపు 5 కేజీలు, బోగీల రిజర్వాయర్లలో గాలి నింపే ఫీడ్ పైపు 6. ఫుల్ సర్వీస్ (మామూలుగా వేసే పూర్తి బ్రేకు) అంటే పైపులో 1.5 తగ్గుదల, అప్పుడు సిలిండర్‌లో 3.8 రావాలి. మన ఇంజిన్ ఫైళ్ళు చాలావాటిలో అమెరికా అంకె 90 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అలాగే వదిలేసి ఉంటుంది. అంటే దాదాపు 6.3 కేజీలు. మనకు కావాల్సింది 71 పీఎస్ఐ. అలాగే ఫుల్ సర్వీస్ తగ్గుదల 21, కనీస తగ్గుదల 7 పీఎస్ఐ. ఈ మూడూ ఇంజిన్ ఫైల్లో ట్రెయిన్ బ్రేక్స్ కంట్రోలర్ అనే మాటతో మొదలయ్యే లైన్లలో ఉంటాయి.

ఇంతకంటే ఎక్కువమంది పొరపడేది రిలీజ్ దగ్గర. మన బోగీల డిస్ట్రిబ్యూటర్ వాల్వు (పైపు ఒత్తిడిని బట్టి బ్రేకు వేసి వదిలేది) అంచెలంచెలుగా వదులుతుంది. పైపులో కొంచెం గాలి పెంచితే బ్రేకు కొంచెమే వదులుతుంది. అమెరికా గూడ్స్ పద్ధతిలో కొంచెం పెంచినా మొత్తం వదిలేస్తుంది. బోగీ ఫైల్లో వాల్వు రకం సరిగ్గా రాయకపోతే ప్రోగ్రాం రెండో పద్ధతిలో నడుపుతుంది. ప్లాట్‌ఫారం మీదికొస్తూ కాస్త సడలిద్దామనుకుంటే బ్రేకంతా పోయి బండి ప్లాట్‌ఫారం చివరి స్టార్టర్ సిగ్నల్ దాటిపోతుంది. ఆప్షన్స్‌లో గ్రాడ్యుయేటెడ్ రిలీజ్ ఎయిర్ బ్రేక్స్ అనే టిక్కు పెడితే చాలు. ఎల్‌హెచ్‌బీ బోగీల్లో (కొత్త రకం ప్యాసింజర్ బోగీలు) బ్రేకు రకం ట్విన్ పైప్, అంటే బ్రేక్ పైపూ ఫీడ్ పైపూ రెండూ, అని ఉందో లేదో కూడా చూడండి. సింగిల్ పైప్ అని ఉంటే రిజర్వాయర్లు నిండడానికి అనవసరంగా ఎక్కువసేపు పడుతుంది.

ఇంజిన్ ఫైలు నమ్మదగ్గదా కాదా తేల్చడానికి రెండు పరీక్షలు చాలు. మొదటిది లాగుడు. వాప్-7 బరువు 123 టన్నులు, 6,350 హార్స్‌పవర్, బయల్దేరేటప్పుడు లాగే బలం 322 కిలోన్యూటన్ల చిల్లర. వెనక 24 ఎల్‌హెచ్‌బీ బోగీలు జనంతో సుమారు 1,300 టన్నులు అనుకోండి. చదును పట్టాల మీద పూర్తి థ్రోటిల్‌తో మొదటి నిమిషానికి వేగం 45 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉండాలి. 70, 80 చూపిస్తే ఫైల్లో బలమో బరువో తప్పు. రెండోది ఆగడం. 110 వేగంలో ఫుల్ సర్వీస్ వేస్తే మూడొందల మీటర్లలో ఆగిందంటే అది రైలు కాదు. ఆ లెక్కన సెకనుకు సెకనుకు ఒకటిన్నర మీటర్ల చొప్పున వేగం తగ్గాలి, మెట్రో ఎమర్జెన్సీ బ్రేకు కూడా సాధారణంగా అంత పట్టదు. మన దగ్గర స్టేషన్‌లోకి రానిచ్చే హోమ్ సిగ్నల్‌కు కిలోమీటరు ముందు దాని సంగతి ముందే చెప్పే డిస్టెంట్ సిగ్నల్, వేగం ఎక్కువున్న లైన్లలో రెండు కిలోమీటర్ల ముందు ఇంకో డిస్టెంట్ పెట్టింది ఊరికే కాదు.

తప్పు దొరికితే అసలు ఫైలు ముట్టుకోకండి. ఆ ఇంజిన్ ఫోల్డర్‌లో ఓపెన్‌రైల్స్ అనే పేరుతో (ఇంగ్లీషులో, మధ్యలో ఖాళీ లేకుండా) ఇంకో ఫోల్డర్ పెట్టి, అందులో అదే పేరుతో కొత్త ఇంజిన్ ఫైలు తెరవండి. మొదటి లైను ఖాళీగా వదలాలి, తప్పనిసరి. రెండో లైన్లో ఇన్‌క్లూడ్ అని రాసి పాత ఫైలు దారి ఇవ్వండి. ఆ కింద మార్చాల్సిన లైన్లు మాత్రమే. పాత ఫైలును నేరుగా మార్చక తప్పకపోతే నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు యూనికోడ్, అంటే యూటీఎఫ్-16, పోకుండా చూసుకోండి. పాత ఫైళ్ళు అందులోనే ఉంటాయి.

ఇక విసిగించేది ఇన్‌స్టాల్ చేయడం, ఇందులో దాచేదేమీ లేదు. రూట్లు చాలావాటికి అసలు ఆటలోని గ్లోబల్ ఫోల్డర్ కావాలి. అందులో టీసెక్షన్ (tsection.dat) అనే ఫైలు ఉంటుంది, పట్టాల ముక్కల కొలతలన్నీ దాంట్లోనే. పాత రూటు జిప్పు విప్పినప్పుడు దానితో వచ్చిన పాత టీసెక్షన్ మీ కొత్తదాని మీద పడిపోతే, నిన్నటిదాకా నడిచిన రూట్లు కూడా తెరుచుకోవు. దానికి మందు ఒకటే: ఒక్కో రూటుకు వేరే కంటెంట్ ఫోల్డర్ పెట్టి, ఆప్షన్స్‌లో కంటెంట్ ట్యాబ్‌లో ఒక్కోదానికి పేరు ఇవ్వడం. ప్రోగ్రాం ఫైల్స్ లోపల మాత్రం పెట్టకండి, విండోస్ అనుమతుల గొడవ వస్తుంది. డీ డ్రైవ్ మేలు.

బండి లోడవుతుంది, 24 బోగీలు పెట్టినా 19 మాత్రమే కనిపిస్తాయి. ఇదీ తరచూ జరిగేదే. ఫైలు దొరకని బోగీని ప్రోగ్రాం నోరెత్తకుండా వదిలేసి మిగతావాటితో ముందుకెళ్తుంది. పైగా బండి తేలికగా లాగుతుంటే ఫిజిక్స్ బాగుందని మురిసిపోతాం కూడా. డెస్క్‌టాప్ మీద ఓపెన్ రైల్స్ లాగ్ ఫైలు ఉంటుంది. అందులో మిస్సింగ్ అనే మాట వెతికితే ఏ బోగీ, ఏ ఫోల్డర్‌లో లేదో పేరుతో సహా దొరుకుతుంది. సాయం అడిగేటప్పుడు స్క్రీన్‌షాట్ కంటే ఆ లాగ్ పంపితేనే అవతలివాళ్ళు ఏమైనా చెప్పగలరు.

లోపాల్లో నాకు పెద్దదిగా కనిపించేది సింగిల్ లైను. ఎదురు బండితో క్రాసింగ్ పెట్టాలంటే రెండు బండ్ల దారుల్లోనూ లూపు (పక్కకు తప్పుకునే లైను) ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో సరిగ్గా రాసి ఉండాలి. ఒకదానిలో తప్పినా రెండూ ఎదురెదురుగా ఎర్ర సిగ్నళ్ళ దగ్గర నిలబడిపోతాయి, గంటసేపు కూర్చున్నా కదలవు. ట్యాబ్ నొక్కి ఎర్ర సిగ్నల్ దాటడానికి అనుమతి అడగొచ్చు గానీ ఎదురుగా బండి ఉంటే దానితో పని జరగదు. మీరే బండ్ల రాకపోకలు పెట్టుకోవాలనుకుంటే యాక్టివిటీ (ఒక బండికి ముందే రాసిపెట్టిన ప్రయాణం) కంటే టైమ్‌టేబుల్ పద్ధతి నయం. ఎక్సెల్ లాంటి దాంట్లో నిలువు వరసకు ఒక బండి, అడ్డ వరసకు ఒక స్టేషను, గడిలో వచ్చే టైము, బయల్దేరే టైము, 24 గంటల లెక్కలో. జంక్షన్లో రోజంతా బండ్లు కదులుతుంటే చూడ్డానికే బాగుంటుంది.

పట్టాలు తప్పడం లేదు. వంపులో ఎంత మించి పోయినా బండి పట్టాల మీదే ఉంటుంది. దృశ్యాలు కూడా పాతవే. నేలను రెండు కిలోమీటర్ల చదరాలుగా కోసి పరిచిన పద్ధతి 2001 నాటిది. చెట్లు అట్టముక్కల్లా, స్టేషన్లలో జనం బొమ్మల్లా ఉంటారు. ట్రైన్ సిమ్ వరల్డ్‌తో పోలిస్తే కళ్ళకు విందు ఏమీ ఉండదు. అందులో క్యాబ్‌లోని చాలా స్విచ్చులు చేత్తో తిప్పొచ్చు, కానీ ఎక్కువగా బ్రిటన్, జర్మనీ, అమెరికా లైన్లు, ఒక్కో రూటుకు డబ్బు కట్టాలి, పాత లాప్‌టాప్ తట్టుకోదు. ఫోన్లో దొరికే ఇండియన్ ట్రైన్ సిమ్యులేటర్ కాలక్షేపానికి బాగానే ఉంటుంది, బ్రేకు పైపులో ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి మాత్రం కాదు.

మీ లాప్‌టాప్‌కు గ్రాఫిక్స్ కార్డు లేకపోతే చూపు దూరం రెండు వేల మీటర్లు దాటనివ్వకండి, నీడలు తీసేయండి. మొదటిరోజు ఎక్స్‌ప్లోర్ పద్ధతిలో (మీకు నచ్చినట్టు తిరగడం) ఒక కరెంటు ఇంజిన్, పది బోగీలతో మొదలుపెట్టండి. పీ నొక్కితే ప్యాంటోగ్రాఫ్ (పైతీగ నుంచి కరెంటు తీసుకునేది) లేస్తుంది, ఓ నొక్కితే సర్క్యూట్ బ్రేకర్ కలుస్తుంది. డబ్ల్యూతో రివర్సర్ (ముందుకా వెనక్కా అని మార్చే మీట) ముందుకు, సెమికోలన్‌తో బ్రేకు వదలాలి, డీతో థ్రోటిల్. థ్రోటిల్ ఇచ్చినా కదలకపోతే పైపు నిండలేదన్నమాట. షిఫ్ట్‌తో ముందుకు వాలిన గీత మీట నొక్కితే వెంటనే నిండుతుంది, కానీ అది మొదటి వారం వరకే. తర్వాత ఆ మీట జోలికి వెళ్ళకుండా ఎఫ్5 పేజీలో చివరి బోగీకి 5 చేరేదాకా కూర్చోండి.