కొండ కుడిచేతి వైపు

విశాఖపట్నం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

గిరి ప్రదక్షిణ మీద నీ వ్యాసమూ, దానికి వేసిన ఆరు వాటర్ కలర్ బొమ్మలూ అందాయి. అమ్మమ్మ కొంగు ముడి పట్టుకుని హనుమంతవాక దాకా నిద్రలోనే నడిచానన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. మూడో బొమ్మ చూశాక మాత్రం కోపం వచ్చింది.

అందులో మీ ఇంటిల్లిపాదీ ఎదురుగా వస్తున్నారు, కొండేమో వాళ్ల ఎడమచేతి వైపుంది. సింహాచలం గిరి ప్రదక్షిణ అమ్మా అది! కొండ కింద తొలిపావంచా, అంటే మొదటి మెట్టు, దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, ముడసర్లోవ మీదుగా సముద్రం వైపు దిగి, కంచరపాలెం, గోపాలపట్నం చుట్టి మళ్లీ అప్పన్న చెంతకు చేరే 32 కిలోమీటర్లలో కొండ నడిచేవాళ్ల కుడిచేతి వైపే ఉంటుంది. ఎడమకు పెడితే అప్రదక్షిణం. అది అపరకర్మల్లో చేసేది. సెల్ఫీ చూసి వేసుంటావు, కొన్ని ఫోన్లలో అది అద్దంలోలా తిరగబడుతుంది. ఆఖరి బొమ్మలో పొద్దు పొడిచే వైపే చంద్రుణ్ణీ పెట్టావు. ఆషాఢ శుద్ధ చతుర్దశి చంద్రుడు పొద్దుగూకకముందే సముద్రం వైపు లేచి, తెల్లారగట్ల పడమటికి వాలిపోతాడు.

దిక్కు తెలియకుండా జ్ఞాపకాన్ని గీయకూడదు. ఇందులో నేను మెట్టు దిగను. ఫోన్ పక్కన పెట్టి, పొడుగాటి కాగితం మీద 32 సెంటీమీటర్ల గీత గియ్యి, సెంటీమీటరుకు కిలోమీటరు లెక్కన. అమ్మనీ అమ్మమ్మనీ విడివిడిగా అడుగు: ఎక్కడ కూలబడ్డారు, సంచి ఎవరి చేతికి మారింది, నిన్ను ఎక్కడ ఎత్తుకున్నారు. కలిపి అడిగావో, ఒకరి మాట ఇంకొకరు దిద్దేస్తారు. ఆ గుర్తులన్నీ గీత మీద పెట్టాకే కుంచె పట్టు.

పాదాలు చూసి వెయ్యి. సగం దారి దాటాక బొబ్బలెక్కినవాళ్లు పాదం అంచు మీద బరువు వేస్తారు, భుజం ఒక పక్కకి వాలుతుంది. తారు గరుకు భరించలేక రోడ్డు మీది తెల్ల గీత పట్టుకుని ఒకరి వెనక ఒకరు నడుస్తారు. నీ బొమ్మల్లో అందరూ పెళ్లికి వెళ్తున్నట్టు నిటారుగా ఉన్నారు.

రాత్రికి ట్యూబులోని నలుపు వాడకు, చచ్చినట్టుంటుంది. అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియెన్నా గోధుమరంగు కలిపితే లోతైన చీకటి వస్తుంది. తడి రోడ్డు మీద దీపం ప్రతిబింబం బొమ్మలో దీపానికి సూటిగా కిందికే దిగాలి, నువ్వు ఏటవాలుగా లాగావు. దీపాల చోట కాగితం చిరిగిందంటే రంగు అంటకుండా పూసే మాస్కింగ్ ఫ్లూయిడ్‌ని హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి ఉంటావు. వేడికి అది కాగితాన్ని కరుచుకుంటుంది. ఆకాశంలో కాలీఫ్లవర్ మచ్చలు తడి వాష్ మీద, అంటే పల్చటి రంగు పూత మీద, మళ్లీ నీళ్లు వేసినందుకు వచ్చినవి. మన ఊరి ఆషాఢం ఉక్కలో వాష్ ఓ పట్టాన ఆరదు. చేతి వెనక వైపు ఆనించి చూడు, చల్లగా తగిలితే ఇంకా తడే. 300 జీఎస్ఎమ్ మందపాటి కాగితమైనా సరే, అట్టకు నాలుగు వైపులా టేపుతో బిగించు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. భక్తి అనగానే గోపురం, దీపం, చేతులు జోడించిన ముసలమ్మ కావాలనే సంపాదకులకు జీవితమంతా బొమ్మలు దిద్ది ఇచ్చాను. వాళ్ల కోసం నువ్వు అమ్మమ్మ చేతులు జోడింపజేయకు, ఆవిడ చేతిలో సంచి ఉంది కదా.

మూడోదీ ఆఖరిదీ మళ్లీ వేసి పంపు. ఆ కొంగు ముడి ఏ బొమ్మలోనూ ఎందుకు లేదు? అందులో ఉన్నది చిల్లరో, మందుబిళ్లలో అమ్మమ్మనే అడిగి తెలుసుకో.